స్టూడెంట్ వీసా మీద వెళ్లి బ్రిటన్‌లో ఫార్మసిస్ట్ కొలువుకు స్పాన్సర్‌షిప్ తెచ్చుకోవడం ఎలా?

నల్లగొండ, మిర్యాలగూడ, జడ్చర్ల, నాగర్‌కర్నూల్ వైపు నుంచి బీఫార్మసీ పిల్లలు ఫోన్ చేసినప్పుడు మొదట అడిగేది దాదాపు ఒకటే. "అక్కా, ఏ యూనివర్సిటీకైతే వీసా జల్ది వస్తది?" నేను తిరిగి అడుగుతాను. "పోయినంక ఏం పని చేద్దామనుకుంటున్నవ్?" "ఫార్మసిస్టే కదక్కా." "మరి ఆ కోర్సు చదివితే నిన్ను ఫార్మసిస్ట్‌గా పెట్టుకుంటరా?" ఇక్కడికి వచ్చేసరికి చాలామంది దగ్గర జవాబు ఉండదు. వాళ్ల తప్పు కాదు. ఆ ప్రశ్న వాళ్లను అంతవరకు ఎవరూ అడగలేదు.

నేను నల్లగొండలోనే బీఫార్మసీ చదివి, క్లాక్ టవర్ దగ్గర ఒక మెడికల్ హాల్‌లో ఏడాదిన్నర పనిచేసి, తర్వాత బ్రిటన్ వచ్చి ఇక్కడ ఫార్మసిస్ట్‌గా స్థిరపడ్డాను. నాకు తెలిసింది ఇది: ఇక్కడ ఫార్మసీలో స్పాన్సర్‌షిప్ ఇచ్చేవాళ్లు, అంటే మిమ్మల్ని కొలువులో పెట్టుకుని మీ పని వీసాకు బాధ్యత తీసుకునే యజమానులు, మీ ఎమ్మెస్సీ పట్టా చూడరు. జనరల్ ఫార్మాస్యూటికల్ కౌన్సిల్, అంటే జీపీహెచ్‌సీ నడిపే ఫార్మసిస్టుల రిజిస్టర్‌కు మీరు ఎంత దూరంలో ఉన్నారో చూస్తారు. అందుకే లెక్క చివరి మెట్టు నుంచి వెనక్కి వేసుకోండి. ఫార్మసిస్ట్ కొలువు కావాలంటే రిజిస్ట్రేషన్ కావాలి. రిజిస్ట్రేషన్‌కు పరీక్ష పాసవ్వాలి, 52 వారాల ఫౌండేషన్ ట్రైనింగ్ చేయాలి. ట్రైనింగ్‌కు ఓస్పాప్ అనే కోర్సు చదివి ఉండాలి. ఓస్పాప్‌కు జీపీహెచ్‌సీ ముందుగా మీ అర్హత ఒప్పుకోవాలి. ఆ అర్హతకు మన తెలంగాణ ఫార్మసీ కౌన్సిల్‌లో మీ పేరు ఉండాలి. గొలుసులో మొదటి కొస హైదరాబాద్‌లోనే ఉంది.

కోర్సు దగ్గరే సగం తేలిపోతుంది

ఓస్పాప్ అంటే విదేశాల్లో ఫార్మసీ చదివినవాళ్ల కోసం జీపీహెచ్‌సీ గుర్తించిన సుమారు ఏడాది కోర్సు. కొన్ని చోట్ల పీజీ డిప్లొమాగా, కొన్ని చోట్ల ఎమ్మెస్సీగా ఇస్తారు. బ్రైటన్, సండర్లాండ్, ఆస్టన్, హెర్ట్‌ఫర్డ్‌షైర్ లాంటి కొద్ది యూనివర్సిటీల్లోనే ఇది నడుస్తూ వచ్చింది. మీరు చేరే ఏడాది ఎవరికి గుర్తింపు ఉందో జీపీహెచ్‌సీ సైటులోని జాబితాలోనే చూడండి. కన్సల్టెన్సీ వాళ్ల కరపత్రంలో చూసి నమ్మొద్దు.

మన దగ్గర కన్సల్టెన్సీలు ఎక్కువగా చూపించేవి వేరు. ఫార్మాస్యూటికల్ సైన్స్, క్లినికల్ రీసెర్చ్, పబ్లిక్ హెల్త్, ఇంటర్నేషనల్ బిజినెస్. వీటిలో చెడ్డ చదువు ఏదీ లేదు. పోలేపల్లి సెజ్‌లోనో చౌటుప్పల్ వైపు కంపెనీల్లోనో క్వాలిటీ కంట్రోల్ చేసి, ఇక్కడ కూడా పరిశ్రమలోనే ఉండాలనుకునేవాళ్లకు ఫార్మాస్యూటికల్ సైన్స్ సరైనదే కావచ్చు. కానీ మందుల షాపులోనో ఆసుపత్రిలోనో ఫార్మసిస్ట్ కావాలనుకునేవాళ్లను ఈ కోర్సులేవీ రిజిస్టర్ దాకా తీసుకుపోవు. దేవరకొండ దగ్గరి ఒక అమ్మాయి ఇలాగే ఎమ్మెస్సీ చేసి, ఒక ఫార్మసీలో డిస్పెన్సర్‌గా చేరింది. పనిమంతురాలు, యజమానికి నచ్చింది కూడా. స్పాన్సర్‌షిప్ అడిగేసరికి కుదరలేదు. మందులు అందించే సహాయకుల కొలువు స్కిల్డ్ వర్కర్ అనే పని వీసా కింద స్పాన్సర్ చేయదగ్గ పనుల్లో లేదు. 2025 జూలై 22 నుంచి కొత్తగా వచ్చేవాళ్లకు ఆ వీసా మామూలుగా డిగ్రీ స్థాయి పనులకే పరిమితమైంది. ఆమె మళ్లీ ఫీజు కట్టి ఓస్పాప్‌లో చేరాల్సి వచ్చింది. రెండో ఫీజు కోసం ఇంట్లోవాళ్లు బత్తాయి తోట తాకట్టు పెట్టారు. ఆమె నాకు రెండేళ్ల ముందే ఒక్క ఫోన్ చేసి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఒక మాట. డీఫార్మసీ మాత్రమే ఉన్నవాళ్లకు ఈ దారి లేదు. నాలుగేళ్ల బీఫార్మసీ గానీ, ఆరేళ్ల ఫార్మ్‌డీ గానీ ఉండాలి.

ఊళ్లో ఉండగానే చేసుకోవాల్సిన కాగితాలు

ఈ భాగం నిదానంగా చదవండి. ఇక్కడికి వచ్చాక ఒక్క ముద్ర కోసం అన్నను కూకట్‌పల్లి పంపి, అన్న లీవు పెట్టి, అక్కడ ‘రేపు రా’ అంటే మళ్లీ పోయి... ఇదంతా నేను పడ్డాను.

మొదటిది, తెలంగాణ ఫార్మసీ కౌన్సిల్ రిజిస్ట్రేషన్. చదువైపోగానే చేయించుకోండి. "మెడికల్ షాప్ పెట్టేది లేదు కదా, ఎందుకు?" అని వదిలేసేవాళ్లే ఎక్కువ. మీరు సొంత దేశంలో ఫార్మసిస్ట్‌గా పనిచేయడానికి అర్హులని చూపేది ఆ సర్టిఫికెట్టే. దానితోపాటు కౌన్సిల్ నుంచి గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్ కావాలి. మీ మీద ఫిర్యాదులు, చర్యలు ఏవీ లేవని చెప్పే పత్రం ఇది. దీనికి గడువు ఉంటుంది కాబట్టి మరీ ముందుగా తీసుకోకండి. జీపీహెచ్‌సీకి దరఖాస్తు పెట్టే సమయానికి చూసుకుని తీసుకోండి.

రెండోది, మార్కుల ట్రాన్స్‌క్రిప్టులు. మన నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో ఫార్మసీ కాలేజీలు చాలావరకు జేఎన్‌టీయూ హైదరాబాద్ కిందివే. కొన్ని పాలమూరు యూనివర్సిటీ, ఉస్మానియా లాంటి వాటి కిందివి. పట్టా మీద ఏ యూనివర్సిటీ పేరు ఉందో ట్రాన్స్‌క్రిప్టు అక్కడినుంచే రావాలి, కాలేజీ ఆఫీసు నుంచి వచ్చింది చెల్లదు. సీల్ వేసిన కవర్లు రెండు మూడు ఎక్కువే తీసుకోండి. సీల్ విప్పి చూసుకోవాలని చేతులు లాగుతాయి. విప్పొద్దు.

మూడోది, పేరు. మనవాళ్లను ఎక్కువగా ముంచేది ఇదే. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంటుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది. ఫార్మసీ కౌన్సిల్ సర్టిఫికెట్‌లో అక్షరం పేరు వెనక్కి పోయి ఉంటుంది. డిగ్రీలో మధ్య పేరు కలిపి రాసి ఉంటుంది. మనకు నలుగురూ ఒకరే అని తెలుసు. లండన్‌లో ఫైలు చూసే మనిషికి నలుగురు వేర్వేరు మనుషులు. నా ఫైలు సరిగ్గా దీనివల్లే 7 వారాలు ఆగింది. ఇప్పుడే ఒక పని చేయండి. మీ సర్టిఫికెట్లన్నీ వరుసగా నేల మీద పరచి, ప్రతి దాని మీదా పేరును అక్షరం అక్షరం కాగితం మీద రాసుకోండి. పాస్‌పోర్టులో ఎలా ఉందో దాన్నే ప్రమాణంగా పెట్టుకుని, తేడా ఉన్నవాటిని సరిచేయించండి. సరిచేయడం కుదరని వాటికి నోటరీ అఫిడవిట్ పెట్టుకోండి.

నాలుగోది, జనన ధృవీకరణ పత్రం. డబ్బు మీ పేరున కాకుండా అమ్మానాన్నల ఖాతాలో చూపిస్తే, వాళ్ల బిడ్డ మీరేనని రుజువు అడుగుతారు. తండాల్లో, చిన్న ఊళ్లలో ఇంట్లో పుట్టిన పిల్లలకు చాలామందికి అది లేదు. మీసేవలో ఆలస్య నమోదుకు దరఖాస్తు పెడితే వస్తుంది. కానీ టైం పడుతుంది. వీసా నెలలో మొదలుపెడితే అందదు.

ఇంగ్లిష్, డబ్బు

జీపీహెచ్‌సీకి ఐఈఎల్‌టీఎస్ అకడమిక్‌లో వినడం, చదవడం, రాయడం, మాట్లాడటం, నాలుగింట్లోనూ ఒకే సిట్టింగ్‌లో 7 రావాలి. లేదంటే వైద్యరంగం వాళ్ల కోసం పెట్టే ఓఈటీ అనే ఇంగ్లిష్ పరీక్షలో, ఫార్మసీ విభాగంలో, నాలుగింట్లోనూ బి గ్రేడు. వీసాకు అంత అక్కర్లేదు కాబట్టి చాలామంది 6.5తో ఎమ్మెస్సీకి వచ్చేస్తారు. అలా వచ్చినవాళ్లకు రాత పరీక్షలో 7 తెచ్చుకోవడానికి ఇక్కడ ఏడాది పడుతుంది. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకు నా సలహా ఓఈటీ. అందులో రాసేది పేషెంట్ గురించి డాక్టరుకో మరొకరికో పంపే ఉత్తరం. మెడికల్ హాల్‌లో కూర్చుని రోజుకు వంద చిట్టీలు చదివినవాళ్లకు అది పరాయి విషయం కాదు.

డబ్బు విషయం ముఖ్యమైనది కాబట్టి అంకెలతో చెబుతాను. 2025 నవంబర్ 11 నుంచి, ఫీజు కాకుండా ఖర్చుల కోసం నెలకు లండన్ బయట 1,171 పౌండ్లు, లండన్‌లో 1,529 పౌండ్లు చొప్పున గరిష్ఠంగా 9 నెలలకు చూపాలి. అంటే లండన్ బయట 10,539 పౌండ్లు. ఆ డబ్బు వరుసగా 28 రోజులు ఖాతాలో కదలకుండా ఉండాలి. ఒక్క రోజు ఒక్క పౌండు తగ్గినా వీసా పోతుంది. ఖాతా మీదో, మీ తల్లిదండ్రులదో కావాలి. మేనమామది, బావది, చిన్నాయనది పనికిరాదు. ఎవరో "28 రోజులు మా ఖాతాలో పైసలు చూపిస్తం, ఇంత ఇవ్వు" అంటే దూరంగా ఉండండి. బ్యాంకు విద్యారుణం అయితే మంజూరు పత్రం సరిపోతుంది. దానికి 28 రోజుల నియమం లేదు.

ఇంకోటి. 2024 జనవరి 1 నుంచి ఇలాంటి పీజీ కోర్సుల స్టూడెంట్ వీసా మీద భార్యనో భర్తనో పిల్లలనో తెచ్చుకోవడానికి వీల్లేదు. స్కిల్డ్ వర్కర్‌కు మారాక తెచ్చుకోవచ్చు. పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడే ఇది రెండు కుటుంబాలకూ చెప్పండి.

ఊళ్లో ఉండగానే ట్రైనింగ్ స్థానం కోసం వెతకండి

ఓస్పాప్ చదువుతూనే తర్వాతి మెట్టు, ఫౌండేషన్ ట్రైనింగ్ స్థానం పట్టుకోవాలి. స్టూడెంట్ వీసా నుంచి స్పాన్సర్‌షిప్‌కు మారడం సరిగ్గా ఇక్కడే జరుగుతుంది. ట్రైనింగ్ జీతంతో కూడిన ఫుల్ టైం కొలువు. ఆ కొలువు ఇచ్చేవాళ్లే స్పాన్సర్ అవుతారు.

ఇంగ్లండ్, వేల్స్‌లలో ఈ స్థానాలకు ఓరియల్ అనే ఆన్‌లైన్ పద్ధతిలో దరఖాస్తులు తీసుకుంటారు. ట్రైనింగ్ జూలై చివర్లోనో ఆగస్టులోనో మొదలైతే, దాని దరఖాస్తు తలుపు అంతకుముందు ఏడాది వేసవిలోనే తెరుచుకుని మూసుకుంటుంది. మన పిల్లలు సెప్టెంబర్‌లో దిగి, చలికి తట్టుకుని, ఇల్లు చూసుకుని, క్రిస్మస్ అయ్యాక "ట్రైనింగ్ ఎట్లా?" అని అడిగేసరికి ఆ తలుపు మూసుకుని ఆరు నెలలవుతుంది. ఓస్పాప్ సీటు రాగానే, ఇంకా ఊళ్లో ఉండగానే, ఓరియల్ తేదీలు రాసి గోడకు అంటించుకోండి. ప్రతి స్థానం వివరాల్లో స్పాన్సర్ చేస్తారా లేదా అన్నది చూడండి. రాసి లేకపోతే మెయిల్ పెట్టి అడగండి.

ఓరియల్‌లో దొరకకపోతే ఖాళీగా మిగిలిన స్థానాల కోసం నేరుగా ఫార్మసీలను అడగాలి. బ్రిటన్ ప్రభుత్వ సైటులో లైసెన్సు ఉన్న స్పాన్సర్ల జాబితా అందరికీ అందుబాటులో ఉంటుంది. దాన్ని దించుకుని ‘ఫార్మసీ’, ‘కెమిస్ట్’ అనే మాటలతో వెతకండి. ఇక్కడ మందుల దుకాణాన్ని జనం కెమిస్ట్ అనే పిలుస్తారు. పెద్ద నగరాలు వదిలి చిన్న పట్టణాలు చూడండి. లెస్టర్‌కో ఈస్ట్ లండన్‌కో అందరూ పోతారు. సముద్రపు ఒడ్డున ముసలివాళ్లు ఎక్కువగా ఉండే చిన్న ఊళ్లలో ఫార్మసీలకు మనుషులు దొరకడం కష్టం. అక్కడ అన్నపూర్ణా హోటల్ ఉండదు, తెలుగు మాట వినపడదు. కానీ మీ ఉత్తరాన్ని చదివేవాళ్లు అక్కడే ఉంటారు.

టర్మ్ నడిచేటప్పుడు వారానికి 20 గంటలే పని. అది దాటితే వీసాకే ముప్పు. పీజీ కోర్సులో వేసవి కూడా చాలావరకు టర్మ్ కిందికే వస్తుంది, సెలవు అనుకుని ఫుల్ టైం చేయకండి. ఆ 20 గంటలు డెలివరీ పనికో గిడ్డంగి పనికో కాకుండా ఫార్మసీ కౌంటర్ మీద చేయండి. గంటకు ఓ పౌండు తక్కువైనా సరే. రేపు స్పాన్సర్ చేయబోయేది ఆ యజమానే కావచ్చు.

ఇంటర్వ్యూలో ఏం అడుగుతారో ఒక ఉదాహరణ చెబుతాను. నన్ను అడిగింది ఇది. ఒక ముసలాయన చీటీ తెచ్చాడు, మెథోట్రెక్సేట్ 10 మిల్లీగ్రాములు ‘రోజూ’ అని ఉంది, ఏం చేస్తావు? మెథోట్రెక్సేట్ కీళ్లవాతానికి వారానికి ఒక్కసారే ఇచ్చే మందు. రోజూ వేసుకుంటే ఎముక మజ్జ దెబ్బతిని మనిషి చనిపోవచ్చు. నేను నల్లగొండ మెడికల్ హాల్‌లో ఉన్నప్పుడు సరిగ్గా ఇలాంటి చిట్టీ ఒకటి వచ్చింది. "డాక్టర్ రాసిండు, ఇచ్చెయ్" అన్నారు వెనకనుంచి. నేను ఇవ్వలేదు, ఫోన్ చేశాను. ఆ సంగతే ఇంటర్వ్యూలో చెప్పాను. మందు ఇవ్వను, పేషెంట్‌ను కూర్చోబెట్టి కారణం చెబుతాను, ఇప్పటికే ఎన్ని వేసుకున్నాడో అడుగుతాను, రాసిన డాక్టరుతో మాట్లాడి సరిచేయిస్తాను, జరిగింది రాసి పెడతాను. వాళ్లకు కావలసింది ఈ వరుసే. మన ఊళ్ల కౌంటర్ల మీద మీరు నేర్చుకున్నదాన్ని తక్కువ చేసి చూసుకోకండి. ఇంటర్వ్యూకు పోయేముందు అలాంటివి నాలుగు సంఘటనలు గుర్తు చేసుకుని రాసుకోండి.

యజమానితో స్పాన్సర్‌షిప్ మాట ఎలా ఎత్తాలి

చిన్న ఫార్మసీల యజమానులకు స్పాన్సర్‌షిప్ అంటే భయం. లాయరు ఖర్చు, ప్రభుత్వ తనిఖీ అనుకుంటారు. మీరు "సార్, స్పాన్సర్ చేస్తారా?" అని ఒక్క ముక్క అడిగితే "చేయం" అనేస్తారు. లెక్క తీసుకుని పోండి.

ఆ లెక్కలో అందరూ మరచిపోయేది ఒకటుంది. స్కిల్డ్ వర్కర్‌ను పెట్టుకునే యజమాని ఇమ్మిగ్రేషన్ స్కిల్స్ చార్జ్ అనే పన్ను కట్టాలి. 2025 డిసెంబర్ 16 నుంచి అది చిన్న సంస్థకు ఏడాదికి 480 పౌండ్లు, పెద్ద సంస్థకు 1,320 పౌండ్లు. కానీ బ్రిటన్‌లోనే ఉండి స్టూడెంట్ వీసా నుంచి నేరుగా స్కిల్డ్ వర్కర్‌కు మారే మనిషి విషయంలో ఆ చార్జ్ లేదు. గ్రాడ్యుయేట్ వీసా, అంటే చదువయ్యాక కొంతకాలం స్పాన్సర్ లేకుండా పనిచేసుకునే వీసా, దాని నుంచి మారితే ఈ మినహాయింపు వర్తించదు. ఈ సంగతి చాలామంది చిన్న యజమానులకు తెలియదు. నేను చెప్పినప్పుడు మా యజమాని తన అకౌంటెంట్‌కు ఫోన్ చేసి కనుక్కుని, మళ్లీ నా దగ్గరికి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అంతకుముందు నిలబడే మాట్లాడేవాడు.

ఇక జీతం. 2025 జూలై 22 నుంచి మామూలు స్కిల్డ్ వర్కర్‌కు ఏడాదికి కనీసం 41,700 పౌండ్లు ఉండాలి. స్టూడెంట్ నుంచి మారేవాళ్లు, 26 ఏళ్ల లోపువాళ్లు ‘న్యూ ఎంట్రెంట్’ కింద వస్తే 33,400 సరిపోతుంది. ఈ వెసులుబాటు మొత్తం 4 ఏళ్లకే, గ్రాడ్యుయేట్ వీసా మీద గడిపిన కాలం కూడా అందులో కలుస్తుంది. జాతీయ ఆరోగ్య సేవ, అంటే ఇక్కడి ప్రభుత్వ వైద్య వ్యవస్థ ఎన్‌హెచ్‌ఎస్, దాని జీతాల పట్టికను బట్టి ఇచ్చే కొన్ని ఆరోగ్య కొలువులకు కొలత వేరు. ఫార్మసిస్ట్ కొలువు కోడ్ 2251. ఆ కోడ్‌కు, మీ తరహా యజమానికి, దరఖాస్తు పెట్టే రోజుకు ఏ అంకె వర్తిస్తుందో ప్రభుత్వ పట్టికలో మీ కళ్లతో చూసుకోండి.

జాతీయ ఆరోగ్య సేవలో గానీ, దానికి సేవలందించే సంస్థలో గానీ ఫార్మసిస్ట్‌గా చేరేవాళ్లకు హెల్త్ అండ్ కేర్ వీసా వస్తుంది. ఇది స్కిల్డ్ వర్కర్‌లోనే ఒక రకం. ఫీజు తక్కువ. అసలు లాభం ఏమిటంటే, మామూలు స్కిల్డ్ వర్కర్ ఏడాదికి 1,035 పౌండ్లు కట్టే ఆరోగ్య సర్‌చార్జ్ దీనికి లేదు. 3 ఏళ్లకు 3,105 పౌండ్లు మిగులుతాయి. భార్యాపిల్లలకు కూడా లేదు.

ఇప్పుడు చెప్పేది చాలా ముఖ్యం. స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్, అంటే సీఓఎస్, డబ్బుకు కొనేది కాదు. దాని ఫీజు 525 పౌండ్లు యజమాని ప్రభుత్వానికి కడతాడు. ఆ ఫీజు గానీ, స్కిల్స్ చార్జ్ గానీ మీ దగ్గర వసూలు చేయడం నియమాలకు విరుద్ధం. "12 లక్షలు ఇస్తే సీఓఎస్ ఇప్పిస్తం, సగం ఊళ్లో, సగం ఇక్కడ" అనేవాళ్లు మనవాళ్లలోనే ఉన్నారు, మన యాసలోనే మాట్లాడతారు, మీ మండలం పేరు చెబుతారు. అలా కొన్న కొలువు నిజంగా ఉండదు, ఉన్నా ఆ లైసెన్సు ఎక్కువ రోజులు నిలవదు. లైసెన్సు రద్దయితే మీకు మామూలుగా 60 రోజుల గడువు ఇస్తారు. ఆలోగా కొత్త స్పాన్సర్ దొరకకపోతే దేశం వదలాలి. పాలమూరు నుంచి మన తాతల కాలంలో మేస్త్రీకి అడ్వాన్సు తీసుకుని వలస పోయేవారు. మేస్త్రీకే ఎదురు అడ్వాన్సు ఇచ్చి పోవడం అంతకంటే ఘోరం.

సీఓఎస్ వచ్చాక ప్రతి గీతా చదవండి

సీఓఎస్ అంటే కాగితం కాదు, ప్రభుత్వ వ్యవస్థలో ఒక నంబరు. దాని వివరాల కాపీని యజమాని నుంచి తీసుకోండి. పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని చూడండి. పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు నంబరు సరిపోయాయా? కొలువు కోడ్ 2251 అని ఉందా? నాకు తెలిసిన ఒకరికి అంకె తప్పు పడి వేరే కొలువు అయింది. పని మొదలయ్యే తేదీ మీ కోర్సు పూర్తయ్యే తేదీ కంటే ముందు ఉండకూడదు. ఒక్క రోజు ముందున్నా ఇబ్బందే. వారానికి ఎన్ని గంటలు, ఏడాదికి ఎంత జీతం అన్నవి ఆఫర్ లెటర్‌తో సరిపోవాలి. పనిచేసే చోటు చిరునామా చూడండి. రెండు మూడు దుకాణాల్లో తిప్పుతారంటే అవన్నీ ఉండాలి. మెయింటెనెన్స్, అంటే మీ మొదటి ఖర్చులకు యజమాని హామీ, దాని దగ్గర టిక్ పెట్టాడా చూడండి. పెడితే మీరు 1,270 పౌండ్లు ఖాతాలో చూపే పని తప్పుతుంది. ఇప్పటికే బ్రిటన్‌లో 12 నెలలు సరైన వీసా మీద ఉన్నవాళ్లకు ఎలాగూ అక్కర్లేదు.

సీఓఎస్ వచ్చిన 3 నెలల్లోపు వాడాలి. పని మొదలయ్యే తేదీకి 3 నెలల ముందు నుంచే దరఖాస్తు పెట్టుకోవచ్చు. స్టూడెంట్ వీసా గడువు తీరేలోగా దరఖాస్తు పెట్టాలి. 12 నెలలు, అంతకంటే ఎక్కువ ఉన్న కోర్సుకు చివర 4 నెలలు కలిపి వీసా ఇస్తారు. 6 నుంచి 12 నెలల లోపు డిప్లొమా అయితే 2 నెలలే. మీ వీసా చివరి తేదీ ఈవీసా అనే ఆన్‌లైన్ వీసా ఖాతాలో చూసి ఇప్పుడే రాసి పెట్టుకోండి. 2026 జనవరి 8 నుంచి స్కిల్డ్ వర్కర్‌కు ఇంగ్లిష్ స్థాయి బీ2కు పెంచారు. అయితే బ్రిటన్‌లో డిగ్రీ స్థాయి చదువు పూర్తిచేసిన పట్టా దానికి సరిపోతుంది. డిప్లొమా వాళ్లు యూనివర్సిటీని ముందే అడిగి తెలుసుకోండి. దరఖాస్తు పెట్టాక నిర్ణయం వచ్చేదాకా దేశం దాటొద్దు. పండక్కో పెళ్లికో ఊరు వెళితే దరఖాస్తు వెనక్కి తీసుకున్నట్టే లెక్క.

స్పాన్సర్ దొరకకపోతే గ్రాడ్యుయేట్ వీసా

కొందరికి ట్రైనింగ్ స్థానం ఉంటుంది, యజమానికి లైసెన్సు ఉండదు. అప్పుడు గ్రాడ్యుయేట్ వీసా మీద స్పాన్సర్ అవసరం లేకుండా ట్రైనింగ్ చేయవచ్చు. రెండు జాగ్రత్తలు. ఒకటి, దీనికి డిగ్రీ గానీ కొన్ని రకాల వృత్తి కోర్సులు గానీ పూర్తిచేసి ఉండాలి. మీ ఓస్పాప్ డిప్లొమానా ఎమ్మెస్సీనా, దానికి ఈ వీసా వస్తుందా అన్నది చేరకముందే యూనివర్సిటీ అంతర్జాతీయ విద్యార్థుల విభాగం నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. ఫోన్లో చెప్పింది లెక్కలోకి రాదు. రెండు, కాలం. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు పెట్టేవాళ్లకు ఇది 2 ఏళ్ల నుంచి 18 నెలలకు తగ్గుతుంది, పొడిగింపు ఉండదు. ట్రైనింగ్‌కే 12 నెలలు. పరీక్ష ఫలితం, రిజిస్ట్రేషన్, కొత్త కొలువు, సీఓఎస్ అన్నీ మిగిలిన 6 నెలల్లో పడాలి. వీసా మొదలైన వెంటనే ట్రైనింగ్ మొదలవకపోతే ఆ 6 నెలలూ మిగలవు. మొదటి ప్రయత్నంలో పరీక్ష తప్పితే దారి మూసుకుపోతుంది. నన్నడిగితే, స్టూడెంట్ నుంచి నేరుగా స్పాన్సర్‌షిప్‌కు మారే అవకాశం చేతిలో ఉండగా గ్రాడ్యుయేట్ వీసా కోరుకోవద్దు.

ట్రైనింగ్ ఏడాది, పరీక్ష

52 వారాల్లో 13, 26, 39 వారాల దగ్గర మీ సూపర్‌వైజర్ మీ పని మీద నివేదిక రాస్తారు. 26వ వారంది బాగా లేకపోతే స్పాన్సర్‌షిప్ కూడా కదులుతుంది. ఏ వారం నేర్చుకున్నది ఆ వారమే రాసి పెట్టుకోండి.

రిజిస్ట్రేషన్ పరీక్ష ఏడాదికి రెండుసార్లు, జూన్‌లో, నవంబర్‌లో. మూడు ప్రయత్నాలే ఉంటాయి. మొదటి భాగం 40 లెక్కలు, 2 గంటలు. రెండో భాగం 120 ప్రశ్నలు, రెండున్నర గంటలు. మనవాళ్లు లెక్కలంటే ధైర్యంగా పోతారు, అక్కడే పడతారు. ఎందుకంటే నాలుగు జవాబుల్లోంచి ఎంచుకునేది ఉండదు. అంకె మీరే వేయాలి. ఒకటి చూడండి. మార్ఫిన్ ద్రవం 5 మి.లీ.లో 10 మి.గ్రా. ఉంది. పేషెంట్‌కు ప్రతి 4 గంటలకు 2.5 మి.గ్రా., 7 రోజులకు ఎన్ని మి.లీ. ఇవ్వాలి? 2.5 మి.గ్రా. అంటే 1.25 మి.లీ. రోజుకు 6 సార్లు, 7.5 మి.లీ. 7 రోజులకు 52.5 మి.లీ. చేతకానిది ఏమీ లేదు. ‘ప్రతి 4 గంటలకు’ అన్నదాన్ని రోజుకు 4 సార్లు అని చదివితే 35 వస్తుంది, మార్కు పోతుంది. ఎంసెట్‌కు నేర్పిన వేగం ఇక్కడ పనికిరాదు. ప్రశ్నను వేలు పెట్టి చదవండి.

పాసయ్యి రిజిస్టర్‌లో పేరు ఎక్కాక, అదే యజమాని దగ్గర ఫార్మసిస్ట్‌గా కొనసాగితే వీసా ఎప్పటిదాకా ఉందో, కొత్త జీతంతో కొత్త సీఓఎస్ కావాలా అని హెచ్‌ఆర్‌ను అడగండి. యజమాని మారితే కొత్త సీఓఎస్ వచ్చి, కొత్త దరఖాస్తు ఆమోదం పొందాకే కొత్త చోట చేరాలి. పాత చోట రాజీనామా ఉత్తరం అప్పటిదాకా ఇవ్వకండి. ప్రతి నెలా జీతం చీటీలో అంకె సీఓఎస్‌లో రాసిన జీతానికి తగ్గకుండా ఉందో చూసి, ఆ చీటీలన్నీ ఒక ఫైలులో పెట్టుకోండి. తర్వాతి వీసాకు అడిగేవి అవే.